అయినవాళ్లకు దగ్గర్లో, ఎవరి ఇంట్లో వాళ్లుగా: విదేశంలో కొన్ని నెలలు యోగా, ధ్యానంతో గడపడం ఎలా

పిల్లలో, తోబుట్టువులో వేరే దేశంలో స్థిరపడి ఉంటారు. వాళ్లను చూడాలని, కొన్నాళ్లు దగ్గర ఉండాలని ఉంటుంది. ఎన్నాళ్లుగానో వాయిదా పడుతూ వస్తున్న యోగా, ధ్యానం ఒక పద్ధతిలో చేసుకోవాలనీ ఉంటుంది. రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయా అంటే కుదురుతాయి. కాకపోతే వీటిలో కష్టమైనది సాధన కాదు, దగ్గరితనం. ఆసనం తప్పు చేస్తే ఒళ్లు చెబుతుంది. అయినవాళ్ల మధ్య ఉంటూ, ఎవరినీ నొప్పించకుండా తలుపేసుకుని కూర్చోవడం ఎలాగో మాత్రం మనమే ముందుగా ఆలోచించి పెట్టుకోవాలి. లేకపోతే మొదటి నెల దాటేసరికి ఇటు సాధనా నిలవదు, అటు మనస్ఫూర్తిగా నాలుగు మాటలు మాట్లాడుకున్నదీ ఉండదు.

ఎన్ని రోజులో ముందు తేల్చుకోండి

నన్నడిగితే పన్నెండు వారాలు అంటాను. దిగిన తర్వాత మొదటి రెండు వారాలు నిద్ర సర్దుకోవడానికి, పలకరింపులకు, సిమ్ కార్డుకు, దారులు తెలుసుకోవడానికి పోతాయి. చివరి రెండు వారాల్లో మనసు సగం తిరుగు ప్రయాణం మీదే ఉంటుంది. మధ్యలో మిగిలే ఎనిమిది వారాలే అసలు సాధన జరిగే కాలం.

ఎనిమిది వారాల లెక్కకు ఒక ఆధారం ఉంది. ఒత్తిడి తగ్గించడానికి ధ్యానాన్ని ఆసుపత్రి వాతావరణంలోకి తీసుకొచ్చిన జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో మొదలుపెట్టిన శిక్షణ తర్వాత ఎనిమిది వారాల కోర్సుగా స్థిరపడింది. వారానికి ఒక క్లాసు, ఇంటి దగ్గర రోజూ సాధన, మధ్యలో ఒక రోజంతా మౌనం. ఆ తర్వాత ధ్యానం మీద జరిగిన పరిశోధనల్లో చాలావాటికి ఇదే నమూనా అయింది. రోజూ చేసే పని ఒంటికి పట్టడానికి, అది ఎక్కడ సడలుతోందో మనకే తెలియడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. నెల రోజులే కుదిరితే వెళ్లొద్దని కాదు. వెళ్లండి, కానీ దాన్ని చుట్టపుచూపుగానే అనుకోండి. సాధన మీద పెద్ద ఆశలు పెట్టుకుంటే అనవసరంగా నిరాశ పడతారు.

పన్నెండు వారాలంటే 84 రోజులు. యూరప్‌లోని షెంగెన్ దేశాలకు (ఒకే ఉమ్మడి వీసాతో తిరగగలిగే దేశాలు) షార్ట్ స్టే వీసా మీద వెళ్లేవాళ్లకు ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండే వీల్లేదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మీ వీసా మీద అంతకన్నా తక్కువ రోజులు రాసి ఉంటే ఆ తక్కువే వర్తిస్తుంది. 84 రోజులకు ప్లాన్ చేసుకుంటే విమానం రద్దయినా, జ్వరం వచ్చినా కంగారు పడకుండా కాస్త వెసులుబాటు ఉంటుంది.

వీసా గడువు వేరు, ఉండనిచ్చే గడువు వేరు

చాలామంది తికమకపడేది ఇక్కడే. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా పదేళ్లది అయినంత మాత్రాన ఒక్కసారి వెళ్లి ఏళ్ల తరబడి ఉండొచ్చని కాదు. అమెరికాలో సందర్శకుడిగా దిగితే ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పేది ఐ-94 రికార్డు. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, కానీ తక్కువ ఇచ్చే అధికారం అక్కడి అధికారికి ఉంటుంది. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో ఆ తేదీ చూసి, ఒక కాపీ మీ దగ్గర, ఒక కాపీ మీవాళ్ల దగ్గర ఉంచండి. బ్రిటన్‌లో మామూలు విజిటర్ వీసాకు ఒక్కో సందర్శన ఆరు నెలల వరకు. కెనడాలో కూడా మామూలు సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలే. అయితే అక్కడి పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులకు, తాతయ్య నానమ్మలకు, తాతయ్య అమ్మమ్మలకు సూపర్ వీసా అని ఒకటుంది. 2022 జులై నుంచి దాని మీద ఒక్కసారికి ఐదేళ్ల దాకా ఉండొచ్చు.

సాధన చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు యోగా బాగా చేస్తారని తెలియగానే పక్కింటివాళ్లు, మీవాళ్ల ఆఫీసు స్నేహితులు క్లాసు చెప్పమని అడుగుతారు. సందర్శక వీసా మీద డబ్బు తీసుకుని చెప్పడం ఉద్యోగం కిందికే వస్తుంది. ఎంత చిన్న మొత్తమైనా, నగదుగా ఇచ్చినా అంతే. ఇంట్లోవాళ్లతో కలిసి చాప వేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. బయటివాళ్లకు క్లాసులు మాత్రం వద్దు. ఉచితమే కదా అని పదిమందిని పోగుచేసినా పొద్దుటి మీ సమయం కాస్తా వాళ్లదైపోతుంది.

ఆరు నెలలకు మించి ఉండాలనుకునేవాళ్లు పన్ను సంగతి కూడా చూసుకోవాలి. చాలా దేశాలు ఒక ఏడాదిలో 183 రోజులు ఉన్నవాళ్లను పన్ను విషయంలో నివాసిగా లెక్కేస్తాయి.

బస ఎక్కడ: నడిచి వెళ్లగలిగేంత దూరం

కుదిరితే వాళ్లింట్లో కాదు, వాళ్లింటి దగ్గర్లో ఉండండి. పది, ఇరవై నిమిషాలు నడిస్తే చేరేంత దూరం సరిగ్గా సరిపోతుంది. ఒకే ఇంట్లో ఉంటే రెండింట్లో ఏదో ఒకటి అవుతారు: మర్యాదలు అందుకునే అతిథి, లేదంటే ఇంటి పనిలో ఒక చెయ్యి. రెండూ మంచివే, కానీ రెండింట్లోనూ మీ సమయం మీ చేతిలో ఉండదు. మరీ దూరమైతే ఇంకో ఇబ్బంది. రెండు బస్సులు మారాలంటే సాయంత్రం వెళ్లడం వారానికి ఒకసారికి పడిపోతుంది, దగ్గరుండాలనే ఉద్దేశమే దెబ్బతింటుంది.

అలాగని దిగిన రోజే సూట్‌కేసు తీసుకుని వేరే చోటికి వెళ్లిపోతే మనసు కష్టపెట్టుకుంటారు. మొదటి వారమో, పది రోజులో వాళ్లింట్లోనే ఉండండి. ఎదురుచూసినవాళ్ల ముచ్చట తీరాలి, మీదీ తీరాలి. ఆ రోజుల్లో మ్యాట్ తీయకపోయినా నష్టం లేదు. ఆ తర్వాత మారితే అది వెళ్లిపోవడంలా కాకుండా ముందే అనుకున్న ఏర్పాటులా ఉంటుంది.

అద్దెకు తీసుకునేటప్పుడు ఫొటోల కన్నా చప్పుళ్ల గురించి ఎక్కువ అడగండి. పడకగది రోడ్డు వైపా, లోపలి వైపా? కింద హోటలో, బారో ఉందా? గోడలు పలచనివా? నేల చెక్కదైతే మీ అడుగుల చప్పుడు కిందివాళ్లకు వినిపిస్తుంది, కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే ఇద్దరికీ సుఖం. పొగను పసిగట్టే అలారం చాలా ఇళ్లలో ఉంటుంది. అగరుబత్తీ, కొవ్వొత్తి వెలిగించొచ్చో లేదో ఒప్పందంలో చూసుకోండి. కొన్ని దేశాల్లో దిగిన కొద్ది రోజుల్లోనే మీరున్న చిరునామా స్థానిక కార్యాలయంలో నమోదు చేయించాలి, ఆ సంగతి ఇంటి యజమానిని అడగండి. మీవాళ్లే అద్దె ఇంట్లో ఉంటూ మీరు అక్కడే నెలల తరబడి ఉండాల్సి వస్తే, అతిథులు ఎన్నాళ్లు ఉండొచ్చో వాళ్ల అద్దె ఒప్పందంలో రాసి ఉండొచ్చు. ముందే ఒకసారి చదవమనండి.

వేరే ఇల్లు వీలుకాకపోతే తలుపున్న గది ఒకటి అడగండి. హాల్లో ఓ మూలన కూర్చుని ధ్యానం చేస్తాననకండి. ఇంట్లోవాళ్లు మీకోసం గుసగుసగా మాట్లాడుకోవాలి, టీవీ తగ్గించుకోవాలి. రెండు వారాలు ఓపిక పడతారు, ఆ తర్వాత మీకే మొహమాటం.

టికెట్ కొనకముందే మాట్లాడుకోండి

మొత్తం బస దీని మీదే నిలబడుతుంది, కాబట్టి తీరుబడిగా చేయండి. వీడియో కాల్‌లో అందరూ ఉన్నప్పుడు చెప్పండి. కూతురికో, కొడుక్కో చెప్పి "మీ ఆయనతో నువ్వే చెప్పు", "కోడలితో నువ్వే అను" అని వదిలేయొద్దు. అల్లుడితో, కోడలితో నేరుగా మీరే మాట్లాడండి. మధ్యలో ఇంకొకరు మోసుకెళ్లిన మాట చేరేసరికి మరోలా వినిపిస్తుంది. పైగా ఆ ఇంట్లో సగం నిర్ణయం వాళ్లది.

చెప్పాల్సినవి మామూలు మాటలే. ఇలా అనొచ్చు: "చూడమ్మా, పొద్దున తొమ్మిది దాకా నేను ఫోన్ తీయను. కోపమొచ్చిందనో, ఒంట్లో బాగాలేదనో అనుకోకండి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పూర్తిగా మీతోనే ఉంటాను. శనివారం అంతా మీదే, ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను. అత్యవసరమైతే ఏ టైమైనా సరే, వచ్చి తలుపు కొట్టండి." మీరు ఎప్పుడు దొరకరో చెప్పి ఊరుకుంటే వాళ్లకు వినిపించేది అదొక్కటే. ఎప్పుడు దొరుకుతారో కూడా గంటలతో సహా చెప్పండి. ఆ గంటల్ని తర్వాత తప్పకండి. సాయంత్రం ఐదింటికి వస్తానని చెప్పి, ధ్యానం బాగా కుదిరిందని ఆరింటికి వెళ్తే, మర్నాటి పొద్దుటి మౌనం మీద వాళ్లకున్న గౌరవం కొంత తగ్గుతుంది.

పసిపిల్లలుంటే వాళ్లను చూసుకునే విషయం కూడా అప్పుడే మాట్లాడాలి. మనవలతో గడపడం ఎంత సంతోషమో వేరే చెప్పక్కర్లేదు. కానీ "ఇంట్లోనే ఉన్నారు కదా" అన్న మాట దగ్గర మొదలై, స్కూలు నుంచి తీసుకురావడం, జ్వరమొస్తే రోజంతా చూసుకోవడం దాకా నెమ్మదిగా వెళ్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, అవసరం అలాంటిది. అందుకే "మంగళ, గురువారాల్లో మూడింటి నుంచి పిల్లలు నా దగ్గర ఉంటారు" అని మీరే ముందుగా అడిగి తీసుకోండి. మీరే మాటిచ్చిన సమయాన్ని సంతోషంగా ఇస్తారు. అడక్కుండా తీసేసుకుంటున్నారని అనిపిస్తే లోపల్లోపల సణుగుడు మొదలవుతుంది, అది ధ్యానంలో కూర్చోగానే మొట్టమొదట పైకి వస్తుంది.

డబ్బు మాట కూడా దాటవేయొద్దు. అద్దె ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి, ఆసుపత్రి అవసరం వస్తే చేతినుంచి పెట్టాల్సింది ఎవరు పెడతారు అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఆరోగ్యం, మందులు, ప్రయాణం

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మీకు ఇప్పటికే ఉన్న జబ్బులు కవర్ అవుతాయో లేదో చూడండి. బీపీ, షుగర్, గుండె సంగతి దాచిపెడితే క్లెయిమ్ దగ్గర ఆగిపోతుంది. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మందులు విడి డబ్బాల్లోకి మార్చకుండా, కొన్న ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి. చీటీలో బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, బ్రాండ్ దేశానికొకటి మారుతుంది. కొడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కొన్ని నిద్ర మాత్రలు కొన్ని దేశాల్లో అనుమతి లేనిదే తీసుకెళ్లకూడదు. జపాన్‌లో జలుబు మందుల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ మీద కూడా ఆంక్షలున్నాయి. వెళ్లే దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోవడం పది నిమిషాల పని.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకి, కిందికి ఆడించండి. ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడిగి బయల్దేరండి. దిగిన తర్వాత కొన్ని వారాల్లో ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆసనాలతో తగ్గుతుందేమోనని చూడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి రెండు వారాలు

మన శరీరపు గడియారం సహజంగా 24 గంటల కన్నా కొంచెం నిదానంగా తిరుగుతుంది. అందుకే పడమటికి వెళ్తే రోజు సాగినట్టుండి త్వరగా సర్దుకుంటుంది, తూర్పుకు వెళ్తే ఎక్కువ రోజులు పడుతుంది. మోటు లెక్కగా ఒక్కో గంట తేడాకు ఒక్కో రోజు వేసుకోండి. వీలైనంత పగటి వెలుతురులో నడవండి, పగటి కునుకు అరగంట దాటనివ్వకండి.

ఈ రోజుల్లో అర్ధరాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. బ్రాహ్మీ ముహూర్తం ముందే వచ్చిందనుకుని లేచి కఠిన సాధన మొదలుపెట్టకండి. అలా లేస్తే శరీరం ఆ వేళకే అలవాటు పడుతుంది. లైట్ వేయకుండా, పడుకునే ఊపిరిని గమనించండి. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద మనసు నిలుపుతూ రండి. నిద్ర పట్టినా మంచిదే, పట్టకపోయినా ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. పగలు తేలికపాటి ఆసనాలు, నడక చాలు.

కూర్చునే చోటు

చలి దేశాల్లో నేల చల్లగా ఉంటుంది, పలచటి మ్యాట్ ఆ చలిని ఆపదు. మ్యాట్ కింద మందపాటి రగ్గు వేయండి. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, దాని నడుమ కాకుండా అంచు మీద కూర్చోండి. తుంటి మోకాళ్ల కన్నా ఎత్తులో ఉండాలి. అప్పుడు నడుము తనంతట తానే నిలబడుతుంది, వీపు బిగపట్టి ఉంచక్కర్లేదు. మోకాలు నేలకు తగలకుండా గాల్లో ఉంటే దాని కిందికి తువ్వాలు చుట్టి తోయండి. చేతులు తొడల మీద బరువు లేకుండా ఆనాలి. భుజాలు చెవుల వైపు లేచాయంటే వాటిని వదులు చేసి కిందికి దించండి.

కుర్చీలో కూర్చుంటే సాధన తక్కువైపోదు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, వీపు వెనక ఆనుడుకు కొంచెం ఎడం ఉండాలి. పాదాలు అందకపోతే కింద లావు పుస్తకం పెట్టుకోండి. కాలు తిమ్మిరెక్కితే గంట కొట్టగానే లేవకండి. కాళ్లు చాచి, పిక్కలు రుద్ది, స్పర్శ తెలిశాక గోడ పట్టుకుని లేవండి. తిమ్మిరి కాలితో లేచి పడితే తుంటి ఎముక విరిగేదాకా వస్తుంది.

సూర్యనమస్కారాల్లో కాలు వెనక్కి ఎగిరి వేయకుండా అడుగేసి తీసుకెళ్లండి. తుమ్మెదలా ఝుంకారం చేసే భ్రామరి, ఓంకారం లాంటివి తెల్లవారుజామున కాకుండా పొద్దెక్కాక చేసుకోండి. పలచటి గోడ అవతల ఎవరో నిద్రపోతుంటారు.

రోజు ఎలా గడపాలి

సూర్యోదయంతో మొదలుపెట్టాలనే అలవాటు అన్నిచోట్లా పనికిరాదు. లండన్‌లో డిసెంబర్ నడుమ ఎనిమిదింటికి తెల్లవారి నాలుగింటికి చీకటి పడుతుంది. జూన్‌లో ఐదు కాకముందే తెల్లవారుతుంది. ఓస్లో, హెల్సింకీ లాంటి చోట్ల డిసెంబర్ నడుమ వెలుతురు సుమారు ఆరు గంటలే. దక్షిణార్ధగోళానికి వెళ్తే ఋతువులు తారుమారు, మెల్‌బోర్న్‌లో జులై అంటే చలికాలం. కాబట్టి సూర్యుణ్ని కాకుండా గడియారాన్ని నమ్ముకోండి. ఆరింటికి లేవాలనుకుంటే ఏ కాలమైనా ఆరే. వేసవిలో మందపాటి కర్టెన్లు, చలికాలంలో మధ్యాహ్నం తప్పనిసరిగా బయట నడక.

పొద్దున ఆసనాలకు నలభై నిమిషాలు సరిపోతాయి. చలికి కీళ్లు బిగుసుకుని ఉంటాయి, అందుకే మొదటి పది నిమిషాలు మడమలు, మోకాళ్లు, భుజాలు, మెడ వదులు చేయడానికే ఉంచండి. మార్జాలాసనం నిదానంగా చేస్తూ వెన్నును మేల్కొల్పండి. తర్వాత తాడాసనం, వృక్షాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, పడుకుని చేసే మెలికలు, ఆఖరున శవాసనం. మీ గురువు దగ్గర నేర్చుకుని వచ్చినవే చేయండి. ఒంటరిగా ఉన్న గదిలో, వీడియో చూసి కొత్త ఆసనం పట్టుకోవడం ఈ బసలో వద్దు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాలేవీ చేయకూడదు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, అధోముఖ శ్వానాసనంలోనూ పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి పక్కన పెట్టండి. ఎముకలు గుల్లబారినవాళ్లు వీపు గుండ్రంగా వంచి ముందుకు బలంగా వంగొద్దు.

ప్రాణాయామానికి పది నిమిషాలు. నాలుగు అంకెల సేపు పీల్చి, ఆరు అంకెల సేపు వదలండి. ఒక్కో అంకెకు ఒక్కో సెకను వేసుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఈ వేగంలో ఊపిరి, గుండె లయ ఒకదానికొకటి కుదురుకుంటాయని పరిశోధనల్లో పదేపదే కనిపించింది. మొదట్లో అంత నిదానం కుదరకపోతే మూడు పీల్చి, నాలుగు వదలండి. ఆయాసపడి అంకెలు అందుకోవక్కర్లేదు.

తర్వాత ధ్యానం. మొదటి వారం ఇరవై నిమిషాలు, వారానికో ఐదు నిమిషాలు పెంచుకుంటూ వెళ్లండి. నలభై ఐదు దగ్గర ఆగిపోవచ్చు. ముక్కు కొన దగ్గర గాలి తగిలే చోటు పట్టుకోండి, తప్పిపోతే మళ్లీ అక్కడికే రండి. మంత్రం అలవాటైనవాళ్లు మంత్రమే చేయండి. ఏదైనా సరే, ఎనిమిది వారాలూ ఒకే పద్ధతి. నాలుగో వారంలో విసుగు వచ్చి ఇంకోటి మారుద్దామనిపిస్తుంది. విసుగు కనిపించిందంటే పద్ధతి పనిచేయడం లేదని కాదు, పై పై ఉత్సాహం అయిపోయిందని. అక్కడి నుంచే చాలామందికి సాధన లోతుకు వెళ్తుంది, అందుకని ఆ వారం పద్ధతి మార్చకుండా సమయం కాస్త తగ్గించి కొనసాగించండి.

సాయంత్రం మీవాళ్లింటికి వెళ్లేముందు ఇరవై నిమిషాలు కూర్చోండి, వచ్చిన తర్వాత కాదు. ముందు కూర్చుంటే ఆఫీసు అలసటతో వాళ్లన్న మాటను మాటగానే వింటారు, గుచ్చుకోదు. నడిచి వెళ్లే పది, ఇరవై నిమిషాలు కూడా ఫోన్ లేకుండా, అడుగు నేలకు తగలడం గమనిస్తూ నడవండి.

తలుపు తెరుచుకున్నప్పుడు

ధ్యానంలో ఉండగా మనవరాలు తలుపు తోసుకుని వచ్చిందనుకోండి. కళ్లు మూసుకుని కదలకుండా ఉంటే భయపడుతుంది, "ఉష్" అంటే ధ్యానమంటే తిట్లు పడే వేళ అని నేర్చుకుంటుంది. కళ్లు తెరిచి దగ్గరికి పిలవండి. "ఊపిరి లెక్కపెడుతున్నా, నువ్వూ పది లెక్కపెడతావా" అనండి. పదిలోపే లేచి పరుగెడుతుంది, లేదా ఒళ్లో కూర్చుంటుంది. తర్వాత మిగిలిన నిమిషాలు పూర్తి చేయండి, టైమర్ మళ్లీ మొదటి నుంచి పెట్టొద్దు. ఇలా నాలుగైదు సార్లు జరిగాక చాలామంది పిల్లలు చెప్పులు విడిచి మెల్లగా రావడం తామే నేర్చుకుంటారు.

పెద్దవాళ్ల విషయంలో వేరు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజులు, వీటి దగ్గర టైమ్‌టేబుల్ పట్టుకుని కూర్చోకండి. సాధన మానేసి వెళ్లండి. కానీ షాపింగ్‌కు తోడు రమ్మన్నా, పార్సిల్ తీసుకోవడానికి ఇంట్లో ఉండమన్నా, అవి పొద్దుటి గంటల్లో అయితే నవ్వుతూ "తొమ్మిది తర్వాత వస్తా" అనండి. రెండుసార్లు అన్నాక మూడోసారి వాళ్లే తొమ్మిది తర్వాత పెట్టుకుంటారు.

వారానికి ఒక పూట మౌనం పాటించొచ్చు. ముందురోజే చెప్పండి, అత్యవసర ఫోన్ మాత్రం తెరిచి ఉంచండి. ఇంకా లోతుగా కావాలంటే చాలా దేశాల్లో ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలో పది రోజుల విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) శిబిరాలు జరుగుతాయి. ఫీజు ఉండదు, ఫోన్ ఉండదు, ఆర్య మౌనం (మాటలే కాదు, సైగలూ లేని మౌనం), రోజుకు దాదాపు పది గంటల ధ్యానం. సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి బయల్దేరకముందే దరఖాస్తు చేయాలి. వెళ్తే ఐదో వారం తర్వాత వెళ్లండి, అప్పటికి కూర్చోవడం అలవాటై ఉంటుంది.

మనసు బరువెక్కితే

దూరదేశం, చలి, చీకటి, మౌనం అన్నీ ఒకేసారి కలిసొస్తే పాత దుఃఖాలు పైకి రావడం సహజం. కళ్లు తెరిచి కూర్చోండి, సమయం సగానికి తగ్గించండి, ఆసనాలు, నడక పెంచండి, మీవాళ్లతో ఇంకో గంట ఎక్కువ గడపండి. నిద్ర వరుసగా రాత్రుల తరబడి పోయినా, భయం పగలంతా వదలకపోయినా, లేనివి వినిపించినా, కనిపించినా ధ్యానం పూర్తిగా ఆపేసి డాక్టర్‌ను కలవండి. ఇంతకుముందు తీవ్రమైన మానసిక జబ్బు వచ్చినవాళ్లు సుదీర్ఘ మౌన శిబిరాలకు వెళ్లకపోవడమే మంచిది, వాడుతున్న మందులు ధ్యానం పేరుతో ఆపకూడదు. మీ దగ్గరున్నవాళ్లలో కనీసం ఒకరికి ఈ విషయాలన్నీ ముందే చెప్పి ఉంచండి. మీలో మార్పు మీకన్నా ముందు వాళ్లకే కనబడుతుంది.

తిరిగి వచ్చేముందు

పదకొండో వారం నుంచి సాధనను ఇంటి దగ్గర కుదిరే కొలతకు తగ్గించుకుంటూ రండి. అక్కడ మీకు పొద్దున గంటే దొరుకుతుందనుకుంటే ఇక్కడే గంటలో ముగించడం అలవాటు చేసుకోండి. చివరి వారం మళ్లీ మీవాళ్లింట్లో ఉండండి, అద్దె ఇంటి తాళాలు ముందే అప్పగించేస్తే సర్దుకునే హడావుడి తగ్గుతుంది.

ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తే గడువు దాటాక కాదు, చాలా ముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి. అది దొరుకుతుందో లేదో దేశాన్ని బట్టి ఉంటుంది. షెంగెన్‌లో అనారోగ్యం లాంటి గట్టి కారణం లేనిదే సాధారణంగా ఇవ్వరు. బయల్దేరేటప్పుడు మీరు దేశం విడిచినట్టు నమోదైందని నిర్ధారించుకోండి. షెంగెన్ దేశాల్లో పాస్‌పోర్ట్ ముద్రలకు బదులు ముఖం ఫొటో, వేలిముద్రలతో ఎలక్ట్రానిక్ నమోదు 2025 అక్టోబర్ నుంచి దశలవారీగా మొదలైంది. అమెరికాలో బయటికెళ్లేటప్పుడు ముద్ర వేయరు, మీ రాకపోకలు ఐ-94 వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. ఇంటికి చేరాక ఒకసారి అందులో చూసి, బోర్డింగ్ పాస్‌తో పాటు ఆ కాపీని దాచుకోండి. వచ్చే ఏడాది మళ్లీ వీసా అడిగినప్పుడు పనికొస్తుంది.